నాట్యమాడు సెలయేటి కప్ప



కప్పను గూర్చి ప్రసంగమా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని మన పూర్వులు కప్పను నవ్వులాటగా జూడలేదు. ఋగ్వేదము ఏడవ మండలమున మండూకసూక్తమని యొక సూక్తమే కలదు. వానకాలపు కప్పల రవమును అందు వేదము వల్లించు బ్రాహ్మణుల ధ్వనితో బోల్చిరి. అంత దూరము పోనేల? ఆషాఢము వచ్చియు చినుకు పడనిచో కప్పను రోకలికి గట్టి, స్త్రీలు ఇంటింటికి దిరిగి, ప్రతి గుమ్మమునొద్దను దానిపై నీళ్లు బోయించుకొను ఆచారము మన పల్లెలలో మీరెఱిగినదే. కప్పకును వానకును, వానకును పంటకును గల ముడి మనవారికి గ్రంథములు చదువక మునుపే తెలియును.

నేడు నేను మనవి చేయబోవునది చెరువుగట్టున నఱచు బోదురుకప్పను గూర్చి కాదు. అడవి సెలయేటియందు దప్ప మఱియెచ్చటను బ్రతుకనేరని యొక చిన్న కప్పను గూర్చి. దాని పొడవు అంగుళమునకు కొంచెము ఇటునటుగా నుండును. ఒంటిరంగు తడిసిన రాతిరంగు. అది చేయు నొక వింతపనినిబట్టి శాస్త్రజ్ఞులు దానికి నాట్యకప్ప యని పేరిడిరి. అది పల్నాటిలో లేదు, నల్లమలలోను లేదు. పడమటి కనుమలలో, అనగా సహ్యాద్రి పర్వతములలో దక్క, భూలోకమున మఱెక్కడను లేదు. అట్లయిన నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములవారు దానిని గూర్చి యేల వినవలయును? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పి పిమ్మట కప్పకథకు వత్తును.

మన పొలములకు నీరిచ్చు నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. నాటినుండి కుడికాలువ పల్నాటి మెట్టపొలములలో నెన్నింటినో మాగాణిగా మార్చినది. ఆ నీరెక్కడిదని యడిగిన, సాగరమునుండి యని పసిపిల్లవాడును జెప్పును. సాగరమునకు కృష్ణనుండి వచ్చినది. కృష్ణకు సహ్యాద్రినుండి వచ్చినది. కృష్ణ మహాబలేశ్వరమునొద్ద బుట్టుచున్నది. దానికి పెద్ద యుపనదియగు తుంగభద్రయు ఆ పర్వతపంక్తియందే పుట్టినది. కర్ణాటకమున చిక్కమగళూరు సీమలో గంగామూల యను చోట తుంగయు భద్రయు జన్మించి, శివమొగ్గ దాపున కూడలి యను క్షేత్రమున నేకమై, కర్నూలు దాటి, శ్రీశైలమునకు ఎగువన కృష్ణలో గలియుచున్నవి.

ఏ నదియు నదిగా బుట్టదు. చెట్ల నీడలో, రాళ్ల సందున, ఒక పసివాడు దాటగలిగినంత సన్నని సెలగా బుట్టును. అట్టి సెలలు వందలు కూడిన నొక వాగు, వాగులు కూడిన నొక యేరు, ఏరులు కూడిన నొక నది. నాట్యకప్ప కాపురము ఆ మొదటి సెలయందు. మనము త్రాగు నీటికి పుట్టినిల్లు అదియే. ఆ పుట్టినింట నేమి జరుగుచున్నదో మనకు దెలుపగల చిన్న సాక్షి ఈ కప్ప. కావుననే దాని కథ మనకు గూడ సంబంధించినది.

ఈ కప్పలలో నొకదానిని లోకమునకు దెలిపినవారు బెంగుళూరు సెంట్రల్ కళాశాలయందు జంతుశాస్త్రాచార్యులుగా నుండిన సి. ఆర్. నారాయణరావుగారు. 1932లో ప్రారంభమైన 'కరెంట్ సైన్స్' పత్రికకు తొలి సంపాదకులు వీరే. చిక్కమగళూరు సీమలో మూడిగెరె తాలూకాయందు కొట్టిగెహార యను నొక చిన్న యూరు కలదు. ఆ ప్రాంతపు కప్పను 1937లో వీరు వర్ణించి, ఆ యూరి పేరే దానికి బెట్టిరి. పిమ్మట చాలకాలము ఈ కప్పలను గూర్చి తెలిసినది స్వల్పము. 2014లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు సత్యభామదాస్ బిజుగారును, వారి సహచరులును, పడమటి కనుమల సెలయేళ్లను గాలించి, 14 క్రొత్త జాతుల నొక్కసారి ప్రకటించిరి. దానితో నాట్యకప్పల జాతులు 24 అయినవి. వీనికి దగ్గఱ చుట్టములు లేరు. ఈ కుటుంబము కోట్ల సంవత్సరములకు పూర్వమే తక్కిన కప్పలనుండి వేఱుపడి, ఆ కొండలనే పట్టుకొని యున్నది.

ఇక దాని నాట్యము సంగతి. మాచర్లకు దాపుననున్న ఎత్తిపోతలను మీలో చూడనివా రుండరు. చంద్రవంక నీరు సుమారు 70 అడుగుల యెత్తునుండి పడుచుండగా, ఆ హోరులో ప్రక్కవాని మాట వినబడదు. అప్పుడు మన మేమి చేయుదుము? చేయి యెత్తి సైగ చేయుదుము. నాట్యకప్పయు అదియే చేయును. అది నివసించునది రాళ్లపై నీరు దుముకు చోటు. కప్పకు సహజమైన కూత ఆ చప్పుడులో మునిగిపోవును. కావున మగకప్ప ఒక తడిరాతిపై గూర్చుండి, మొదట గొంతుక్రింది తెల్లని సంచి యుబ్బించి యొకమాఱు కూయును. ఆ కూత, 'ఇటు చూడుము' అని పిలుచుట వంటిది. పిమ్మట పాదములతో రాతిని దట్టి, ఒక వెనుకకాలిని ప్రక్కకు బారచాపి, వ్రేళ్లు విప్పి, గిరగిర నాడించును. వ్రేళ్ల నడుమనున్న పొర తెల్లగా మెఱయును. ఒకమాఱు కుడికాలు, ఒకమాఱు ఎడమకాలు. దూరమునుండి చూచువారికి ఎవరో చిన్న జెండా నూపుచున్నట్లు దోచును.

ఈ నాట్యము ఆడకప్పను బిలుచుటకును, తోడి మగకప్పను దూరముగా నుంచుటకును గూడ. పొలము గట్టు జరిపినవానితో మనము తగవులాడునట్లే, తన రాతిపై కాలుమోపిన మగకప్పతో ఇదియు తగవులాడును. మొదట కాలు చూపి బెదరించును. మాట వినకున్న తన్ని నీటిలోనికి ద్రోయును. మఱియొక విశేషము. మన కప్పలు చాలవఱకు రాత్రి కూయుచుండగా, ఇది పట్టపగలు నాట్యమాడును. చూపునకు గుఱుతు చూపవలెనన్న వెలుతురు కావలయును గదా!

సంతానమును గనుటలోను దీని పద్ధతి వేఱు. మన బోదురుకప్ప తొలకరి వానకు నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టును. నాట్యకప్ప వానల యుద్ధృతి తగ్గువఱకు వేచియుండును. శ్రావణ భాద్రపదములలో సహ్యాద్రి సెలయేళ్లు పొంగి రాళ్లనే దొర్లించుచుండును. అంగుళపు ప్రాణి అందు నిలువగలదా? ఏటి పోటు నెమ్మదించిన పిమ్మట జత కుదురును. ఆడకప్ప లోతులేని నీటిలో, ఏటి యడుగున, వెనుకకాళ్లతో గులకను త్రవ్వి గుంత చేయును. అందు గ్రుడ్లు పెట్టి, మరల కాళ్లతోనే ఇసుకను, గులకను గప్పి వెడలిపోవును. విత్తనము వేసి మన్ను గప్పు రైతు పనికిని దీనికిని భేద మేమి? పైనున్న గులక గ్రుడ్లను ప్రవాహమున గొట్టుకొనిపోనీక కాపాడును. గులక సందులగుండ పాఱు చల్లని నీరు వానికి ప్రాణవాయువు నందించును.

గ్రుడ్డు పగిలిన తరువాత కథ యింకను వింతయైనది. కప్పపిల్ల మొదట తోకతో చేపపిల్లవలె నీట నీదునని మన బాలురకును దెలియును. కాని నాట్యకప్పల పిల్లలు నీటిలో ఈదుచు గనబడవు. అవి యెక్కడ నుండునో చాలకాలము శాస్త్రజ్ఞులకు అంతుబట్టలేదు. 2016లో బిజుగారి బృందమే ఆ ముడి విప్పినది. ఒక నాట్యకప్ప జాతి పిల్లలు ఏటి యడుగున, ఇసుకలో, గులకలో, చీకటిలో బూడుకొని జీవించునని తేలినది. వాని దేహము మలుగుచేపవలె సన్ననై, బలమైన కండలతో ఇసుకలో దూరుటకు వీలుగా నుండును. కన్నులపై చర్మపు పొర గప్పియుండును. సామాన్యముగా కప్పపిల్లలకు లేని ప్రక్కటెముకలు వీనికి గలవు. ఇసుకతోపాటు అందు కుళ్లిన ఆకుల తుక్కును దిని పెరుగును. వీని కడుపులో తెల్లని చిన్న సంచులు గలవు. అందున్నది సున్నపు పదార్థము. పిడుగురాళ్ల బట్టీలలో గాల్చు సున్నపురాయి యే ధాతువో, ఆ సంచులలోనిదియు ఆ ధాతువే.

ఈ జీవనమును విన్న తరువాత, దానికి గావలసిన వస్తువులేవో మీరే చెప్పగలరు. మొదటిది, సెలయేటిపై చెట్ల నీడ. కప్ప ఊపిరితిత్తులతోడనే కాక చర్మముతో గూడ గాలి పీల్చును. ఎండ దగిలి చర్మ మారిపోయిన నది బ్రతుకదు. రెండవది, శుభ్రమైన గులక. మన్ను వచ్చి గులక సందులు మూసిన గ్రుడ్లకు ఊపిరాడదు, పిల్లలకు చోటు లేదు. మూడవది, ఏడాది పొడుగున నెండని ధార. ఇసుకలోని పిల్ల ఏరెండిన లేచి మఱియొక మడుగునకు నడువలేదు. నాలుగవది, విషము లేని నీరు. చర్మముతో గాలి పీల్చు ప్రాణి నీటిలోని విషమును గూడ చర్మముతోనే పీల్చును.

ఈ నాలుగింటిలో నొక్కటి చెడినను కాపురము చెడును. నేడు నాలుగును జెడుచున్నవి. అడవి నఱికి తోటలు వేయుచున్నారు. కొండలను ద్రవ్వి బాటలు వేయగా మన్ను సెలలలోనికి జాఱుచున్నది. సెలలకు అడ్డుకట్టలు గట్టి నీటిని గొట్టములతో మళ్లించుచున్నారు. తోటలకు జల్లు మందులు వానతో గలిసి దిగుచున్నవి. ఇవికాక, దోమలను దినుటకని 1928లో మన దేశమునకు దెచ్చిన గంబూసియా యను విదేశపు చేప అడవి నీళ్లలోనికిని బ్రాకినది. అది దోమపిల్లలతోపాటు కప్పగ్రుడ్లను, కప్పపిల్లలను గూడ దినును.

ఫలిత మేమనగా, 2023లో వెలువడిన ప్రపంచ ఉభయచరముల స్థితి నివేదికలో, మిక్కిలి యాపదలోనున్న ఉభయచరముల ప్రజాతులలో నాట్యకప్పలు అయిదవ స్థానమున నున్నవి. వాని జాతులలో నూటికి 92 వంతులు నశించు ప్రమాదమున నున్నవి. ఇది ఒక్క సహ్యాద్రి దుఃఖము గాదు. ఆ సంవత్సరమే ప్రపంచమందలి సుమారు 8,000 జాతుల ఉభయచరములను లెక్కించి చూడగా, నూటికి 41 వంతులు ఆపదలో నున్నట్లు తేలినది. పక్షులలోను, జంతువులలోను ఇంత ప్రమాదము లేదు.

అంగుళపు కప్ప పోయిన మనకేమి నష్ట మని యొకరు అడుగవచ్చును. ఈ ప్రశ్నను ద్రోసివేయరాదు. నిజము చెప్పవలెనన్న, నాట్యకప్ప నశించిన మఱునాడు మన కాలువలో నీరు తగ్గదు, మిరపచేను వాడదు. కాని ఇంటిదూలమునకు చెదలు పట్టినప్పుడు ఇల్లు వెంటనే కూలునా? దూలముక్రింద రాలిన సన్నని పొడిని జూచి తెలివిగల యజమాని చెదను కనిపెట్టును. కప్ప పోవుట ఆ పొడి రాలుట వంటిది. ఏ అడవి నీడ లేక కప్ప చచ్చినదో, ఆ యడవియే వాననీటిని వేళ్లతో బట్టియుంచి, వేసవిలో కొంచెము కొంచెముగా నదికి విడుచునది. అడవి పోయిన, వానకాలమున వరద, వేసవిలో ఒట్టి ఇసుక. ఏ మన్ను గులకలో నిండి కప్పగ్రుడ్లను జంపినదో, ఆ మన్నే క్రిందికి దిగి జలాశయములలో మేటవేసి, నీరు నిలుచు చోటును దగ్గించును. కప్పకు వచ్చిన కీడు తరువాత మనకు వచ్చును. తేడా యేమనగా, కప్పకు ముందు వచ్చును.

కప్పను పోగొట్టుకొనుట యెట్టిదో మన దేశమునకు ఒకమాఱు అనుభవమైనది. గడచిన శతాబ్దమున మన పొలముల బోదురుకప్పలను బట్టి, కాళ్లు గోసి, ఏటేట వేల టన్నుల లెక్కను విదేశములకు నెగుమతి చేసిరి. విదేశద్రవ్యము వచ్చుచున్నదని సంతోషించిరి. కాని పురుగులను దిను కప్పలు పొలమునుండి పోవుచుండగా, పురుగుమందులకు వేఱుగా ధనము వెచ్చింపవలసి వచ్చునను వాదము బలపడెను. తుదకు 1987లో కేంద్రప్రభుత్వ మా యెగుమతిని నిషేధించినది. బోదురుకప్ప చెరువునను, పొలమునను, గుంటనను బ్రతుకగలదు గనుక తేరుకొనుటకు వీలు గలదు. నాట్యకప్పకు సెలయేరు తప్ప మఱియొక యిల్లు లేదు. అది పోయిన మరల తెచ్చుటకు వేఱొక చోటనుండి విత్తనము దొరకదు.

సహ్యాద్రి మనకు దూరము. అచటి అడవులను గాపాడుట అచటివారి చేతిలోను, ప్రభుత్వముల చేతిలోను గలదు. కాని పల్నాటికిని సెలయేళ్లు గలవు. నల్లమల మనకు సహ్యాద్రి వంటిది. చంద్రవంక, నాగులేరు, గుండ్లకమ్మ మన కొండల నీళ్లు. కారెంపూడి దాపున నాగులేటి యొడ్డున పల్నాటి వీరులు పోరాడిరని ఏటేట వారిని గొల్చుచున్నాము. ఆ యేటి నీటిని గొల్చుట మాత్రము మఱచినాము. మన వాగులు సహ్యాద్రి సెలలవలె ఏడాదియెల్ల బాఱవు. వేసవిలో ధార తెగి, రాళ్ల నడుమ మడుగులు మిగులును. ఆ మడుగులే మన కప్పలకును, చేపలకును, అడవిమృగములకును ప్రాణాధారము. నీటిపై దుమికిపోవు నీటికప్ప, కొమ్మలపై నురుగుతో గూడు గట్టి అందు గ్రుడ్లు పెట్టు చెట్టుకప్ప, మనకు దెలిసినవే. వానికిని కావలసినవి ఆ నాలుగే: నీడ, శుభ్రమైన అడుగు, నీరు, విషము లేకుండుట.

ఈ విషయమున ప్రభుత్వపు ఉత్తరువులకంటె గ్రామపెద్ద మాటకు బలమెక్కువ. కావున మీకు కొన్ని మనవులు చేయుచున్నాను. వేసవి మడుగులో చేపలకొఱకు విషము గలుపుటను, మందుగుండు ప్రేల్చుటను ఊరిలో నెవ్వరు చేసినను రచ్చబండపై నిలదీయుడు. ఒక పూట కూరకొఱకు చేసిన యా పనితో మడుగంతయు చచ్చును. ప్రత్తికిని, మిరపకును మందు జల్లిన పిమ్మట డబ్బాలను, పంపులను వాగులో గడుగనీయకుడు. వాగు గట్టునగల మద్దిని, నేరేడును, కానుగను వంటచెఱకునకై కొట్టనీయకుడు. వాగు పడకలోని ఇసుకను అడుగంట త్రవ్వనీయకుడు. దోమచేపను ఊరి నూతులలో విడుచువారున్న విడువనిండు. అడవి మడుగులలో మాత్రము విడువనీయకుడు. ఇందులో నే యొక్కదానికిని ధనము వ్యయము గాదు. చేయదగని పనిని మానుటయే కావలసినది.

ఇంకొక పని కలదు. అది మీవంటివారికే సాధ్యము. నలుబది, ఏబది యేండ్ల క్రిందట మీ యూరి వాగున ఏ నెలవఱకు నీరుండెడిదో, ఏ కప్పలు కూసెడివో, ఏ మడుగు ఎన్నడు నెండలేదో మీకు జ్ఞాపకము. ఆ సంగతులు ఏ కచేరీ దస్త్రములలోను లేవు. మీ మనుమలను వెంటబెట్టుకొని వాగునకు బొండు. చూచినది, జ్ఞప్తియున్నది, వారిచేత నొక పుస్తకమున వ్రాయింపుడు. ఏటేట తొలకరికి మొదటి కప్పకూత విన్న దినము వ్రాయింపుడు. పది సంవత్సరములకు ఆ పుస్తకము ఊరికి కరణము లెక్కలకంటె విలువగలదగును. నారాయణరావుగారు 1937లో ఒక చిన్న యూరి కప్పను జాగ్రత్తగా జూచి వ్రాసియుంచినందుననే గదా, నేడు అది యుండినదనియు, దగ్గిపోవుచున్నదనియు మనకు దెలియుచున్నది!

కప్ప మాటాడదు. హోరులో తన గొంతు వినబడనప్పుడు కాలెత్తి సైగ చేయును. ఆ సైగను గమనించి, మన యేళ్ల పుట్టినిండ్లను మనము గాపాడుకొందుము గాక.